డాక్టరు పేజీ: కౌన్సిలు మెంబరును ఏమడగాలి?



పోయిన నెల సంచిక అందాక ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళ ఊళ్ళో సిటీ కౌన్సిలు ఎన్నికలు వస్తున్నాయట. నిలబడిన వాళ్ళు ఇంటింటికీ తిరిగి కాగితాలు పంచుతున్నారు. ఒకరి కాగితంలో పోలీసులు, పార్కులు, పన్నులు. ఇంకొకరి కాగితంలో రోడ్లు, ఇళ్ళు, పన్నులు. "వీటిలో ఏది ముందు, ఏది వెనక అని చూసుకోవాలి? అసలు మనకు వీటితో పనేమిటి?" అని ఆవిడ ప్రశ్న. ఇది డాక్టరు పేజీకి రావలసిన ప్రశ్నేనా అని సంపాదకులు సందేహించారు. రావలసిందే. ఎందుకో చెబుతాను.

ఈ దేశంలో టైఫాయిడ్ తగ్గుముఖం పట్టింది యాంటీబయాటిక్ మందులు వచ్చాక కాదు. అంతకు చాలా ఏళ్ళ ముందే, ఊరి నీళ్ళు వడగట్టడం, క్లోరిను కలపడం మొదలుపెట్టాక. 1908లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఊరందరి నీళ్ళకూ క్లోరిను కలపడం ఆరంభమైంది. 1945 జనవరిలో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్, పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా నీళ్ళలో ఫ్లోరైడు కలిపిన మొదటి ఊరయింది. ఈ రెండు పనులూ జరిగింది ఆస్పత్రిలో కాదు, ఊరి నీటి పంపుల దగ్గర. నాబోటి డాక్టర్లు ఒక్కొక్క రోగినే చూడగలం. ఊరి నీళ్ళు చూసేవాళ్ళు అందరినీ ఒక్కసారే చూస్తారు.

ముందుగా ఎవరి పని ఏదో తెలుసుకుందాం. మనవాళ్ళు కౌన్సిలుకు నిలబడినవారిని మొదట అడిగేది స్కూళ్ళ సంగతి. చాలా ఊళ్ళలో స్కూళ్ళు కౌన్సిలు చేతిలో లేవు, వాటికి స్కూలు బోర్డు వేరే ఉంది. కోర్టులు, జైలు కౌంటీవి. నీళ్ళు, మురుగునీటి కాలువలు, వీధులు, మంచు తియ్యడం, అగ్నిమాపక దళం, పోలీసులు, లైబ్రరీ, ఎక్కడ ఏ కట్టడం కట్టవచ్చో చెప్పే జోనింగు — ఇవి మామూలుగా కౌన్సిలు చూసేవి. ఊరిని బట్టి కొంచెం మారుతాయి.

ఈ పనుల్లో కొన్ని కంటికి కనపడతాయి. పార్కులో కొత్త ఉయ్యాల కనపడుతుంది, రోడ్డు మీద గుంట కనపడుతుంది. భూమిలో ఆరడుగుల లోతున ఉన్న గొట్టం కనపడదు. అది పగిలి వీధి మునిగేదాకా ఎవరికీ గుర్తు రాదు. పన్ను పెంచనని మాట ఇచ్చిన మెంబరు ఖర్చు తగ్గించవలసి వస్తే దేన్ని వాయిదా వేస్తాడు? ఉయ్యాలను ఆపితే పదిమంది తల్లులు వచ్చి నిలదీస్తారు. గొట్టాన్ని ఆపితే అడిగే నాథుడు లేడు. మెంబరు మంచివాడైనా కాకపోయినా, అడిగేవాళ్ళను బట్టే ఏది ముందో ఏది వెనకో తేలుతుంది. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క మాటే.

సీసపు గొట్టాల సంగతే తీసుకోండి. పాత ఊళ్ళలో వీధి పైపు నుంచి ఇంట్లోకి నీళ్ళు తెచ్చే గొట్టం చాలాచోట్ల సీసంతో చేసింది. కొత్తగా అలాంటివి వెయ్యకుండా 1986లో చట్టం వచ్చింది గాని, అప్పటికే ఉన్నవి అలాగే ఉండిపోయాయి. పిల్లల మెదడుకు ఇంత సీసమైతే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు లేదు. 1991లో ఫెడరల్ ప్రభుత్వం నీళ్ళలో సీసం వంద కోట్ల వంతులకు 15 వంతులు దాటితే ఊరు ఏదో ఒకటి చెయ్యాలని నియమం పెట్టింది.

విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో ఆ మరుసటి ఏడు పరీక్ష చేస్తే ఆ గీత దాటింది. ఇతర ఊళ్ళు చేసినట్టు నీళ్ళలో ఫాస్ఫేటు కలిపితే గొట్టం లోపల పూత కట్టి సీసం కొంత ఆగుతుంది. కాని మాడిసన్ చుట్టూ సరస్సులు. ఫాస్ఫేటు చివరకు వాటిలో చేరితే నాచు పెరుగుతుంది. అందుకని అసలు గొట్టాలనే పెరికి వెయ్యాలన్నారు. చిక్కేమిటంటే, ఇంటి ముందు నుంచి లోపలికి వచ్చే ముక్క ఇంటివారి సొంతం. దాన్ని ఎవరి డబ్బుతో మార్చాలి? 2000లో కౌన్సిలు శాసనం చేసి, ఇంటివారు మార్చి తీరాలని, ఖర్చులో సగం, వెయ్యి డాలర్లు మించకుండా, ఊరు తిరిగి ఇస్తుందని చెప్పింది. నీటి బిల్లుల డబ్బు దీనికి వాడడానికి రాష్ట్ర అధికారులు ఒప్పుకోలేదు. అప్పుడు నీటి టాంకుల మీద సెల్‌ఫోను కంపెనీలు పెట్టుకున్న యాంటెన్నాల అద్దె తీసి ఇచ్చారు! 2001లో మొదలుపెట్టి పది పదకొండేళ్ళలో దాదాపు 8,000 గొట్టాలు మార్చారు. ఈ పని ఏ మెంబరుకూ ఫొటో తీయించుకునేందుకు పనికి రాదు. ఒక మెంబరు ఆరంభించినది ఇంకొకరి కాలానికి గాని పూర్తికాదు. అయినా చేశారు.

మాడిసన్‌లో పని ముగిసిన కొద్దికాలానికే, 2014 ఏప్రిల్‌లో, మిషిగన్‌లోని ఫ్లింట్‌లో ఖర్చు తగ్గించడానికి డిట్రాయిట్ నీళ్ళు మాని ఫ్లింట్ నదినీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. గొట్టాలు తినకుండా కలపవలసిన మందు కలపలేదు. గొట్టాల్లోని సీసం నీళ్ళలోకి దిగింది. అప్పుడు ఆ ఊరి పెత్తనం కౌన్సిలుది కాదు. ఊరు అప్పుల్లో పడిందని రాష్ట్రం అత్యవసర మేనేజరును కూర్చోబెట్టింది. 2013లో ఇంకొక కొత్త పైపులైనులో చేరడానికి కౌన్సిలు ఒప్పుకున్న మాట నిజమే. కాని ఈలోగా నదినీళ్ళు తాగమని అది ఓటు వెయ్యలేదు. జనం గోల పెట్టగా 2015 మార్చిలో ఏడుగురికి ఒకరి తేడాతో డిట్రాయిట్ నీళ్ళకు తిరిగి వెళ్ళాలని తీర్మానించింది. మేనేజరు కుదరదన్నాడు. తీర్మానం కాగితం మీదే మిగిలింది. ఆ సెప్టెంబరులో ఇరాకీ కుటుంబం నుంచి వచ్చిన పిల్లల డాక్టరు మోనా హన్నా-అట్టిషా, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో బయటపెట్టారు. రాష్ట్ర అధికారులు మొదట కొట్టి పారేసి, తర్వాత ఒప్పుకున్నారు. అక్టోబరులో పాత నీళ్ళు తిరిగి వచ్చాయి.

మన వైపు సంగతీ ఒకటి చెప్పాలి. 2018 మార్చిలో గుంటూరులో మురుగు కలిసిన నీళ్ళు తాగి, వాంతులు విరేచనాలతో పదిమందికి పైగా చనిపోయారు. 2010లో పాలకవర్గం గడువు తీరిన తర్వాత 2021 దాకా ఆ నగరానికి ఎన్నికలే జరగలేదు. ఎన్నికలు లేనందువల్లే అలా జరిగిందని నేననను. కాని కుళాయిలో రంగు నీళ్ళు వస్తే సీసాలో పట్టుకుపోయి వార్డు మెంబరు వాకిట్లో నిలబడి అరిచే సౌకర్యం ఆ పదకొండేళ్ళూ లేదు కదా!

ఇక్కడ మనకు ఆ సౌకర్యం ఉంది. మనం వాడుకోవడం లేదు. మనవాళ్ళు కౌన్సిలు హాలుకు వెళ్ళేది ఎప్పుడు? గుడికి అనుమతి కావలసినప్పుడు, పార్కింగు మీద పేచీ వచ్చినప్పుడు. అప్పుడు పట్టుచీరలతో సహా వంద మందిమి వెళ్తాం. పని కాగానే మళ్ళీ అటు తొంగి చూడం. మనకు పౌరసత్వం లేదుగా అనేవారున్నారు. ఓటుకు దాదాపు అన్నిచోట్లా పౌరసత్వం కావాలి నిజమే. మాట్లాడడానికి అక్కర్లేదు. చాలా ఊళ్ళలో మీటింగులో పేరు రాయించుకుంటే మూడు నిమిషాలు ఇస్తారు.

కాబట్టి తలుపు తట్టినవారిని ఈ నాలుగూ అడగండి.

ఒకటి, ఊళ్ళో సీసపు గొట్టాలెన్ని, ఏటా ఎన్ని మారుస్తారు, ఇంటివారి ముక్కకు డబ్బెవరిది? నీటి సంస్థలన్నీ 2024 అక్టోబరు నాటికి ఏ ఇంటికి ఏ గొట్టమో పట్టిక తయారు చెయ్యవలసి ఉంది. కనుక తెలియదంటే ఒప్పుకోకండి.

రెండు, ఫోను చేసిన ఎన్ని నిమిషాలకు అంబులెన్సు వస్తుంది? మన పేటకూ ఊరి నడిబొడ్డుకూ తేడా ఎంత? గుండె ఆగినవారికి ఛాతీ నొక్కేవారు లేకపోతే, నిమిషం గడిచిన కొద్దీ బతికే ఆశ నూటికి ఏడు నుంచి పది పాళ్ళు తగ్గుతుంది.

మూడు, నడిచే దారులు, బస్సులు, మంచు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కారు నడపలేరు. నడవడానికి దారి లేక ఆరు నెలలు కిటికీ దగ్గర కూర్చుంటారు. దారి మీద మంచు గడ్డకడితే జారిపడి తుంటి విరుగుతుంది.

నాలుగు, పన్ను పెంచనంటే, ఏ పని మానేస్తారు? దీనికి సూటిగా జవాబు చెప్పినవారు మనతో ఏకీభవించకపోయినా నమ్మదగినవారు.

చివరగా ఇంటి సంగతి. నీళ్ళు కాచి చల్లార్చి తాగడం మన అలవాటు. మంచిదే, క్రిములు చస్తాయి. సీసం మాత్రం పోదు. నీళ్ళు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. 1986కు ముందు కట్టిన ఇంట్లో ఉన్నవారు బేస్‌మెంటులో మీటరు దగ్గరి గొట్టాన్ని నాణెంతో మెల్లగా గీకి చూడండి. మెత్తగా ఉండి, గీకినచోట వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే సీసమని అనుమానించాలి. వెంటనే వాటరు డిపార్టుమెంటుకు ఫోను చెయ్యండి. ఈలోగా వంటకు, ముఖ్యంగా పసిపిల్లల పాలపొడి కలపడానికి, సీసం తీస్తుందని ధ్రువపత్రం ఉన్న ఫిల్టరు నీళ్ళే వాడండి. వేడినీళ్ళ కుళాయి నుంచి మాత్రం పట్టకండి.

మీ ఊళ్ళో కౌన్సిలు మీటింగు ఏ వారమో తెలుసుకుని నలుగురు కలిసి ఒక్కసారి వెళ్ళండి. అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు రాసి పంపితే ఈ పేజీలో వేస్తాం. వచ్చే నెల పసుపులో, మసాలా పొడుల్లో కల్తీ అయ్యే సీసం గురించి.

— మీ డాక్టరు