కుర్సురా చూసిన కళ్ళతో కె-19

ఆర్.కె. బీచ్‌లో 2002లో మ్యూజియంగా మారిన సోవియట్ తయారీ కుర్సురాలో తల వంచుకుని తిరిగొచ్చిన వాళ్ళం మేము. అదే ఏడాది వచ్చిన 'కె-19: ది విడోమేకర్' మాకు పరాయి సినిమా అనిపించలేదు.

కథ గొప్పది. 1961 జూలైలో సోవియట్ జలాంతర్గామి రియాక్టరును చల్లబరిచే ఏర్పాటు పాడైతే, నావికులు లోపలికెళ్ళి వెల్డింగ్ చేసి కొత్త గొట్టాలు అమర్చారు. నెల తిరక్కుండానే ఎనిమిది మంది చనిపోయారు.

తీసిన తీరే కుదరలేదు. రష్యన్లంతా యాస పెట్టి ఇంగ్లీషు మాట్లాడతారు. పోనీ, డబ్బింగులో జాకీచాన్ తెలుగు మాట్లాడితే మనం చూడలేదా! అసలు లోపం వేరు. పదేసి నిమిషాల చొప్పున ఆ గదిలోకెళ్ళిన కుర్రాళ్ళ కంటే ఇద్దరు అధికారుల పంతాలకే దర్శకురాలు బిగెలో ఎక్కువ చోటిచ్చారు. హారిసన్ ఫోర్డ్ గుర్తున్నాడు; ఆ కుర్రాళ్ళ పేర్లు మాలో ఒక్కరికీ గుర్తులేవు. గాజువాకలో వెల్డింగ్ చేసే నాన్నలున్న మాకు అదే గుచ్చుకుంది.

అయినా చూడండి. మొదటి జట్టు ఆ గదిలోంచి బయటికొచ్చినప్పుడు మా హాల్లో ఎవరూ మాట్లాడలేదు.