చేతిలో తెర ఒక్కటే చాలదు: పడవకు దారి చూపే పరికరం ఎంపికలో అసలు ప్రశ్న

సముద్రంలో చేపలవేటకు వెళ్లే లక్ష పడవలకు ఉపగ్రహ ఆధారిత ట్రాన్స్‌పాండర్లను ఉచితంగా అమర్చే జాతీయ పథకాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించే ఈ పథకం వ్యయం సుమారు 360 కోట్ల రూపాయలు. మరోవైపు స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు ఇప్పటికే పడవల్లోకి చేరాయి. చేతిలోని తెర మీదనే పటమూ, దిక్కూ, వేగమూ కనిపిస్తున్నప్పుడు వేరే పరికరం ఎందుకన్న సందేహం సహజంగానే తలెత్తుతోంది. దానికి లభించే సమాధానం మీదనే అనేక కుటుంబాల భద్రత ఆధారపడి ఉంది.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని భిలాయ్ ఉక్కు నగరానికి కూడా ఈ చర్చతో సంబంధం ఉంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు ఉపాధి కోసం అక్కడికి తరలివెళ్లాయి. ఈ కర్మాగారానికి కావలసిన విదేశీ బొగ్గు విశాఖ తీరంలోనే దిగుతుంది. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ నిర్మాణానికి సెయిల్ అందించిన సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కులో బొకారో, రూర్కెలాలతో పాటు భిలాయ్ వాటా కూడా ఉంది.

అయితే ఉక్కు ఓడకూ, చిన్న పడవకూ మధ్య వ్యత్యాసం పరిమాణానికే పరిమితం కాదు. అంతర్జాతీయ జలాల్లో తిరిగే పెద్ద వాణిజ్య నౌకల్లో ఎలక్ట్రానిక్ పటాల వ్యవస్థ ఉండాలన్న నిబంధన 2012 నుంచి 2018 వరకు దశలవారీగా అమలులోకి వచ్చింది. ఓడ ఉనికిని చుట్టుపక్కల నౌకలకు తెలిపే ఏఐఎస్ పరికరం మన దేశంలో 20 మీటర్లు, అంతకు మించిన పొడవున్న చేపల పడవలకు తప్పనిసరి. అంతకన్నా చిన్నవైన మర పడవలు, ఫైబర్ పడవల విషయంలో మాత్రం ఎంపిక చాలాకాలం యజమాని స్తోమతకూ, సరంగు అనుభవానికీ మిగిలిపోయింది.

ఆ లోటు ఎంత ప్రమాదకరమో రెండు సంఘటనలు చాటాయి. 2017 నవంబరు చివర ఓఖీ తుపాను విరుచుకుపడినప్పుడు, అప్పటికే నడిసముద్రంలో ఉన్న కేరళ, తమిళనాడు మత్స్యకారులకు హెచ్చరిక చేరవేసే మార్గం లేకపోయింది. 2018 నవంబరు చివర గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను, తమ జలాల్లోకి ప్రవేశించారన్న ఆరోపణపై పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం నిర్బంధించింది. వారిలో 20 మంది కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపి, 2020 జనవరి 6న వాఘా సరిహద్దు మీదుగా స్వదేశానికి తిరిగివచ్చారు. 2025లో విడుదలైన ‘తండేల్’ చిత్రానికి ఆధారం ఈ ఉదంతమే.

పడవలోని పరికరం మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. పడవ ఎక్కడ ఉంది? ముందున్నది ఏమిటి? ఆపద వస్తే ఆ కబురు ఎవరికి చేరుతుంది? ట్యాబ్లెట్ మొదటి ప్రశ్నకు బాగానే, రెండవదానికి కొంతవరకు జవాబిస్తుంది. మూడవ ప్రశ్న దగ్గర అది మౌనం వహిస్తుంది.

ఉపగ్రహాల నుంచి స్థానాన్ని గ్రహించడానికి మొబైల్ సిగ్నల్ అవసరం లేదు. అందువల్ల తీరం కనుమరుగైన తరువాత కూడా ట్యాబ్లెట్ తాను ఉన్న చోటును చూపగలదు. అయితే కొనేముందే గమనించవలసిన విషయం ఒకటుంది. సిమ్ సదుపాయం లేని, వైఫై మాత్రమే ఉన్న కొన్ని ట్యాబ్లెట్లలో జీపీఎస్ గ్రాహకమే ఉండదు. ఐప్యాడ్ వైఫై రకాలు ఇందుకు ఉదాహరణ. ఇంటి వద్ద వైఫై సాయంతో చోటును చూపిన పరికరం సముద్రంలో చేతులెత్తేస్తుంది.

సముద్ర వాతావరణం మరో పరీక్ష. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 వంటి ప్రమాణాలకు పరీక్షలు సాధారణంగా మంచినీటిలో జరుగుతాయి. ఉప్పునీరు ఛార్జింగ్ రంధ్రాలను తినివేస్తుంది. తడిచేతులతో తాకితే తెర సరిగా స్పందించదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెల్సియస్ లోపు ఉష్ణోగ్రతలో వాడాలని దాని తయారీదారే సూచిస్తున్నారు. బంగాళాఖాతంపై నడివేసవి ఎండలో, నీడలేని పడవ మీద ఆ పరిమితి దాటడానికి ఎంతోసేపు పట్టదు. వేడెక్కిన పరికరం మొదట వెలుగును తగ్గించుకుంటుంది, ఆ తరువాత ఆగిపోతుంది. పడవలోని 12 వోల్టుల బ్యాటరీకి అనుసంధానమయ్యే జీపీఎస్ ప్లాటర్ తెర చిన్నదైనా, మీటలు నొక్కి వాడే వీలున్నందున తడిలోనూ ఎండలోనూ ఎక్కువ నమ్మదగినది.

పటం విషయంలోనూ జాగ్రత్త అవసరం. రోడ్ల కోసం రూపొందిన పటాల్లో సముద్రం నీలిరంగు ఖాళీగానే కనిపిస్తుంది. లోతు, మునిగిన రాళ్లు, ఇసుక మేటలు, దీపస్తంభాల వివరాలు అందులో ఉండవు. వాటికి సముద్రయాన పటాలే కావాలి. మన దేశంలో అధికారిక పటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం ప్రచురిస్తుంది. ఏ యాప్ వాడినా, పటాన్ని తీరంలో ఉండగానే పరికరంలో భద్రపరచుకోవాలి. అంతర్జాతీయ సరిహద్దు రేఖ సమీపిస్తే మోగే హెచ్చరిక పనిచేస్తున్నదో లేదో ముందే సరిచూసుకోవాలి.

స్వదేశీ స్థాన నిర్దేశక వ్యవస్థ నావిక్ పరిధి దేశ సరిహద్దుల నుంచి 1,500 కిలోమీటర్ల వరకు విస్తరించి ఉంది. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో, సామాన్యులు వాడే పరికరాలకు అనువైన ఎల్1 సంకేతం దానికి తోడయింది. 2025 జనవరి 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-02 మాత్రం నిర్దేశిత కక్ష్యను చేరలేకపోయింది. కాబట్టి నావిక్‌తో పాటు జీపీఎస్ తదితర వ్యవస్థల సంకేతాలను కూడా అందుకునే పరికరాన్ని ఎంచుకోవడమే వివేకం.

ఇక మూడవ ప్రశ్న. తీరం నుంచి సుమారు 10, 12 కిలోమీటర్లు దాటితే మొబైల్ సిగ్నల్‌పై ఆశ పెట్టుకోలేము. ఓఖీ అనుభవం తరువాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి జెమినీ అనే పరికరాన్ని రూపొందించాయి. 2019 అక్టోబరులో ఆవిష్కృతమైన ఈ పరికరం గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా తుపాను హెచ్చరికలను, చేపలు లభించే ప్రాంతాల సమాచారాన్ని అందుకొని, బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపుతుంది. తెరకు తోడుగా మరో యంత్రం అవసరమన్న సూత్రం ఇక్కడే స్పష్టమైంది. అయితే సమాచారం ఒకవైపే ప్రవహిస్తుంది. పడవ వినగలదు, బదులు చెప్పలేదు.

ఆ బదులు చెప్పే శక్తి ఇస్రో రూపొందించిన ఆపత్కాల సంకేత పరికరంలో ఉంది. 2010 నుంచి వాడుకలో ఉన్న ఈ పరికరం మీట నొక్కగానే పడవ స్థానం ఉపగ్రహం ద్వారా నియంత్రణ కేంద్రానికి, అక్కడి నుంచి తీర రక్షక దళానికి చేరుతుంది. కబురు అందినట్లు పడవకు తిరుగు సందేశం పంపే రెండవ తరం పరికరాన్ని ఇస్రో 2024 జనవరిలో ప్రకటించింది. ఇప్పుడు ఉచితంగా ఇస్తున్న ట్రాన్స్‌పాండర్ కూడా రెండువైపులా సందేశాలను చేరవేస్తుంది. నభ్‌మిత్ర యాప్ ద్వారా స్థానిక భాషలో హెచ్చరికలు ఫోన్ తెర మీద కనిపిస్తాయి. ట్యాబ్లెట్‌కు తగిన స్థానం ఇదే. అది కబురు చదివే కన్ను. కబురు మోసే గొంతు మాత్రం పడవకు బిగించిన యంత్రానిదే.

ఈ దృష్టితో చూస్తే ఎంపిక సులభమవుతుంది. దుర్గ్ సమీపంలో శివనాథ్ నది మీద నడిచే పడవకు, ఒడ్డునే సిగ్నల్ అందుతున్నంత కాలం, నీరు చొరని తొడుగులోని ఫోన్, లైఫ్ జాకెట్ దాదాపు సరిపోతాయి. తీరానికి చేరువలో వేటాడే ఫైబర్ పడవకు ఫోన్‌తో పాటు వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి. దానిలోని 16వ ఛానెల్ అంతర్జాతీయ ఆపత్కాల మార్గం. రోజుల తరబడి నడిసముద్రంలో ఉండే మర పడవకు ట్రాన్స్‌పాండర్, ప్లాటర్, దిక్సూచి ముందు సమకూరాలి. ట్యాబ్లెట్ ఆ తరువాతే.

పరికరం పంచినంత మాత్రాన పని పూర్తికాదు. ఉప్పుగాలికి పాడైన యాంటెన్నాను రేవులోనే బాగుచేసే వ్యవస్థ ఉండాలి. చేపలు దొరికే చోటు నలుగురికీ తెలిసిపోతుందన్న అనుమానంతో యంత్రాన్ని ఆపివేయకుండా మత్స్యకారులకు నమ్మకం కలిగించాలి. అన్నిటికీ మించి, పరికరం పడవకు చెందినది, మనిషికి కాదు. పొరుగు రాష్ట్రాల పడవల్లో కూలికి వెళ్లే ఉత్తరాంధ్ర మత్స్యకారుడి చేతిలో మిగిలేది తన ఫోన్ మాత్రమే. జీతం, బత్తా మాట్లాడుకునే రోజునే ఆ పడవలో ట్రాన్స్‌పాండర్ ఉన్నదా, దాని ఆపద మీట ఎక్కడ ఉన్నదని అడిగే హక్కు అతనికి ఉండాలి. వలస కార్మికుల ఒప్పందాల్లో ఈ అంశాన్ని చేర్చే బాధ్యతను ఉభయ రాష్ట్రాల మత్స్యశాఖలు స్వీకరించాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలవుతుంది. పడవలు ఒడ్డున ఉండే ఆ కాలమే పరికరాలను అమర్చడానికి, పటాలను నవీకరించడానికి, ఆపద మీటను ఎప్పుడు, ఎలా వాడాలో పడవలోని ప్రతి ఒక్కరికీ నేర్పడానికి అనువైనది. తీర రక్షక దళం సహాయ సంఖ్య 1554 కూడా పడవలో ఉన్నవారికే కాక, వారి కోసం ఇంటి వద్ద ఎదురుచూసేవారికీ తెలిసి ఉండాలి.