సూపర్‌మ్యాన్ ఎవరి మనిషి? కొత్త సినిమా లేపిన పాత ప్రశ్న

2025 జూలై 11న ప్రపంచమంతా విడుదలైన ‘సూపర్‌మ్యాన్’ సినిమా మీద మాటల యుద్ధం, సినిమా థియేటర్లకు రాకముందే మొదలైంది. దర్శకుడు జేమ్స్ గన్ ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ, సూపర్‌మ్యాన్ కథ అంటే వేరే చోటి నుంచి వచ్చిన వలసదారుడి కథ అన్నారు. అంతే, అమెరికాలో ఒక వర్గం భగ్గుమంది. పిల్లల హీరోకి రాజకీయ రంగు పులుముతున్నారని టీవీ చర్చల్లో విమర్శలు వచ్చాయి. ఇక సినిమా చూసినవాళ్లలో చాలామంది ఇంకో మాట అన్నారు: ఇందులో చూపించిన యుద్ధం గాజాను గుర్తు చేస్తోందని.

వలస, యుద్ధం. ఈ రెండు మాటలూ మన ఇళ్లకు దూరమైనవి కావు. అబ్బాయి డల్లాస్‌లోనో షికాగోలోనో, అబ్బా జెద్దాలోనో దుబాయ్‌లోనో ఉండే కుటుంబాలు హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. అందుకే తెలుగు డబ్బింగ్‌లోనూ వచ్చిన ఈ సినిమాను కాస్త ఆగి చూడాలి.

రాజకీయం కొత్తగా కలిపిందేనా?

ముందు చరిత్ర చూద్దాం. సూపర్‌మ్యాన్‌ను సృష్టించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు. ఇద్దరూ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పెరిగిన యూదు వలస కుటుంబాల పిల్లలే. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో వాళ్ల హీరో కనిపించాడు. ఆ హక్కులకు వాళ్ల చేతికొచ్చింది 130 డాలర్లు మాత్రమే. ఆ మొదటి కథల్లో సూపర్‌మ్యాన్ గ్రహాంతర రాక్షసులతో పోరాడలేదు. భార్యను కొట్టే మొగుడు, లంచగొండి నాయకుడు, ఆయుధాల వ్యాపారి, ఇలాంటివాళ్ల పని పట్టాడు.

1940లో ‘లుక్’ పత్రిక కోసం వేసిన రెండు పేజీల బొమ్మల కథలో హిట్లర్‌నూ స్టాలిన్‌నూ పట్టుకొచ్చి నానాజాతి సమితి ముందు నిలబెట్టాడు. 1946లో రేడియో నాటకంలో, నల్లజాతివారిపై, యూదులపై దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్‌ను పోలిన ముఠాను ఎండగట్టాడు. ఆ కథలో ముఠా గురిపెట్టింది ఒక చైనీస్ అమెరికన్ కుటుంబాన్ని. కాబట్టి ‘ఇప్పుడే రాజకీయం దూర్చారు’ అనే ఆరోపణ నిలబడదు. ఈ పాత్ర పుట్టుకలోనే అది ఉంది.

నిజమైన మాట, తప్పుడు నింద

కొత్త సినిమా కథ ఏమిటంటే, బొరావియా అనే బలమైన దేశం పక్కనున్న జర్హన్‌పూర్ మీద దండయాత్రకు దిగుతుంది. సూపర్‌మ్యాన్ ఎవరి అనుమతీ అడక్కుండా దాన్ని ఆపేస్తాడు. అమెరికా ప్రభుత్వానికి అది నచ్చదు, ఎందుకంటే బొరావియా వాళ్ల మిత్రదేశం. అక్కడి నుంచి కోటీశ్వరుడు లెక్స్ లూథర్ రంగంలోకి దిగుతాడు. సూపర్‌మ్యాన్ కన్న తల్లిదండ్రులు క్రిప్టాన్ గ్రహం నుంచి పంపిన పాత సందేశాన్ని దొంగిలించి, భూమిని ఏలుకో అని వాళ్లు చెప్పిన భాగాన్ని టీవీలో వేయిస్తాడు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ సందేశం కల్పితం కాదు, నిజమైనదే. కానీ సూపర్‌మ్యాన్ ఆ భాగాన్ని ఎన్నడూ వినలేదు, దాని ప్రకారం ఎన్నడూ నడవలేదు. అయినా నిన్నటిదాకా చప్పట్లు కొట్టిన జనం ఒక్క రోజులో తిరగబడతారు. ‘వీడు మనవాడు కాదు, లోపల వేరే ఉద్దేశం ఉంది’ అంటారు. అతను చేసిన పని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అతని పుట్టుక మాత్రమే లెక్కలోకి వస్తుంది. సోషల్ మీడియాలో అతన్ని తిట్టేందుకు లూథర్ కోతుల దండునే కూర్చోబెడతాడు. నవ్వు తెప్పించే సన్నివేశమే గానీ, వాట్సాప్ ఫార్వర్డ్‌ల దెబ్బ తిన్నవాళ్లకు ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

ఆ తర్వాత అతను తనంతట తానే ప్రభుత్వానికి లొంగిపోతాడు. విచారణ లేదు, వకీలు లేడు. గ్రహాంతరవాసికి హక్కులు వర్తించవని చెప్పి లూథర్ సొంత జైలుకు అప్పగిస్తారు. 2002 నుంచి గ్వాంటనామో పేరు వింటున్న ప్రపంచానికి ఈ సన్నివేశం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

సినిమా దీనికిచ్చిన జవాబు సూటిగా ఉంది. పెంచిన తండ్రి జొనాథన్ కెంట్, కాన్సస్ రైతు, కొడుకుతో చెప్పేదాని సారాంశం ఇదీ: నువ్వెవరో తేల్చేది కన్నవాళ్ల మాట కాదు, నువ్వు చేసే పనులు. విధేయత నిరూపించుకోమని తరచూ అడిగించుకునే ఏ సమాజానికైనా ఈ మాట విలువ తెలుసు.

పేరు లేని జర్హన్‌పూర్

అయితే సినిమా తడబడిందీ ఇక్కడే. ట్యాంకుల ముందు కర్రలు, పనిముట్లు పట్టుకుని నిలబడిన జర్హన్‌పూర్ జనం చూడటానికి దక్షిణాసియా, పశ్చిమాసియా మనుషుల్లా ఉంటారు. గన్ మాత్రం స్క్రిప్టు రాసినప్పటికి గాజా యుద్ధం మొదలవలేదని, సినిమాకు దానితో సంబంధం లేదని చెప్పారు. ఆయన మాట నమ్మినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ జనంలో ఒక్కరికైనా పేరుందా? ఇల్లుందా? వాళ్ల నాయకుడెవరు, వాళ్లకేం కావాలి? సినిమా చెప్పదు. వాళ్లు భయపడతారు, ఎదురుచూస్తారు, చివరికి ఎవరో వచ్చి కాపాడతారు.

ముస్లిం పేరు ఉండి, కథలో కాస్త చోటు దొరికిన మనిషి ఒకడే, మాలిక్ అలీ. మెట్రోపాలిస్ వీధిలో ఫలాఫెల్ అమ్ముకునేవాడు. కిందపడిన సూపర్‌మ్యాన్‌కు చెయ్యిచ్చి లేపుతాడు. ఆ ఒక్క పాపానికి లూథర్ అతన్ని హీరో కళ్లముందే కాల్చి చంపుతాడు. ప్రాణం పోతున్నా అతను సూపర్‌మ్యాన్‌ను తప్పుబట్టడు. మంచివాడిగానే చూపించారు, కాదనలేం. కానీ అతని చావు హీరో కన్నీళ్లకు సాధనమైంది తప్ప, అతని ఇంటివాళ్లెవరో మనకు తెలియదు.

ఇంకో తేడా కూడా ఉంది. సూపర్‌మ్యాన్ వలసదారుడే, కానీ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆఫీసులో అందరిలో కలిసిపోతాడు. వీసా అడిగేవాడు లేడు. మాలిక్ అలీకి ఆ సౌకర్యం లేదు. అతని పేరే అతని గుర్తింపు కార్డు.

హాలీవుడ్‌కు ఇంతకంటే బాగా చేయడం చేతకాదా అంటే, అదీ కాదు. సినిమాల్లో అరబ్బుల చిత్రణ మీద పరిశోధకుడు జాక్ షాహీన్ 2001లో తెచ్చిన ‘రీల్ బ్యాడ్ అరబ్స్’ పుస్తకం తొమ్మిది వందలకు పైగా సినిమాలను పరిశీలించి, అత్యధికం చెడుగానే చూపాయని తేల్చింది. అదే పరిశ్రమ 2022లో ‘మిస్ మార్వెల్’ సిరీస్ తీసింది. జెర్సీ సిటీలోని పాకిస్తానీ కుటుంబపు అమ్మాయి కమలా ఖాన్ అందులో హీరో. ఇంట్లో అమ్మీతో వాదన, మసీదు కమిటీ ఎన్నికలు, 1947 విభజన గాయం, అన్నీ ఆ కథలో ఉన్నాయి. అక్కడ ముస్లింలు కాపాడబడేవాళ్లు మాత్రమే కాదు, కథ నడిపేవాళ్లు.

తెర బయట

తెర బయట సంగతులు ఇంకా విచిత్రం. సినిమా విడుదల ముందురోజే వైట్‌హౌస్ ట్రంప్‌ను సూపర్‌మ్యాన్ దుస్తుల్లో చూపిస్తూ బొమ్మ పెట్టింది. 1990లలో టీవీలో సూపర్‌మ్యాన్‌గా నటించిన డీన్ కేన్, ఆగస్టులో వలసదారులను పట్టుకునే ఐస్ సంస్థలో చేరుతున్నానని ప్రకటించారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ఉత్తర్వు వచ్చింది. ఆ వార్తతో ఎన్ని తెలుగు ఇళ్లలో ఆ రాత్రి నిద్ర లేదో వేరే చెప్పాలా?

మన దగ్గర సెన్సార్ బోర్డు 33 సెకన్ల ముద్దు సన్నివేశాన్ని కత్తిరించింది. కట్టేసిన అమాయకుడి తలకు తుపాకీ పెట్టి కాల్చే సన్నివేశం మాత్రం కథలో ఉండిపోయింది. పిల్లలతో చూసే తల్లిదండ్రులు ఏ దృశ్యం గురించి మాట్లాడాల్సి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

సూపర్‌మ్యాన్ అనే పేరు తెలుగువారికి కొత్త కాదు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ కూడా ఆ పేరుతో సినిమా చేశారు. ప్రతి తరం, ప్రతి భాష ఆ పాత్రను తనకు కావాల్సినట్టు మలుచుకుంది. గన్ సినిమా ప్రపంచవ్యాప్తంగా 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. తర్వాతి భాగం ‘మ్యాన్ ఆఫ్ టుమారో’ను 2027 జూలై 9న విడుదల చేస్తామని ప్రకటించారు. బయటి నుంచి వచ్చినవాడు కూడా మనవాడే అని చెప్పడంలో మొదటి భాగం గెలిచింది. మరి ఆ మాట జర్హన్‌పూర్ పిల్లవాడికీ, ఫలాఫెల్ బండి దగ్గర నిలబడే మనిషికీ వర్తిస్తుందా, వాళ్లకు పేరూ మాటా దొరుకుతాయా అన్నదే రెండో భాగంలో చూడాలి.