కుక్కపిల్లకు ఆరు నెలలు నిండేదాకా దాని బాధ్యత ఏ శాఖది?

నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల వైపు ఊళ్లలో కుక్కపిల్ల కావాలంటే సాధారణంగా ఎవరూ దుకాణానికి పోరు. ఏ ఇంటి పంచనో, గొర్రెల దొడ్డి దగ్గరో కుక్క ఈనితే, పిల్లలు కళ్లు తెరిచి నాలుగు అడుగులు వేయగానే ఒకదాన్ని ఎత్తుకొచ్చుకుంటారు. పొలం కావలికి ఒకరు, మంద వెంట తిప్పడానికి ఒకరు, హైదరాబాద్‌లో కట్టుకున్న కొత్త ఇంటికి ఇంకొకరు. తెచ్చిన రోజే మెడకు తాడు పడుతుంది. ఏడాది తిరిగేసరికి అది గేటు దగ్గరికి ఎవరొచ్చినా మీదికి దూకుతుంది. కాపలా బాగా కాస్తోందని ఇంటివాళ్లు మురిసిపోతారు. పక్కింటి పిల్లాడిని కరిచిన రోజున గొడవ మొదలవుతుంది.

కుక్క కరిచాక ఏం చేయాలో ప్రభుత్వ వ్యవస్థకు తెలుసు. ఆసుపత్రి ఉంది, టీకా ఉంది. కరిచే కుక్కగా తయారు కాకుండా ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం మండల స్థాయిలో ఏ ఆఫీసూ జవాబుదారీ కాదు.

మచ్చికకు ఓ వయసుంది

కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా పరిచయం చేసుకునే కాలం చాలా చిన్నది. సుమారు మూడో వారంలో మొదలై 12 నుంచి 14 వారాల మధ్య ముగిసిపోతుంది. ఆ లోపు చూసిన మనుషులు, పిల్లల అరుపులు, బైకు చప్పుడు, తలపాగా చుట్టుకున్న ముసలాయన, చేతికర్ర అన్నీ దానికి మామూలు సంగతులవుతాయి. అప్పుడు చూడనివి తర్వాత ఎదురైతే ప్రమాదంలా కనిపిస్తాయి.

దీనిపై అమెరికాలో జరిగిన ఓ ప్రయోగం ఫలితాలు 1961లో సైన్స్ పత్రికలో వచ్చాయి. డేనియల్ ఫ్రీడ్‌మన్ బృందం కుక్కపిల్లలను ఎత్తయిన కంచె ఉన్న స్థలంలో మనుషుల పొడ లేకుండా పెంచింది. కొన్నింటిని వేర్వేరు వయసుల్లో వారం రోజులపాటు బయటకు తెచ్చి మనుషులతో గడపనిచ్చింది. 14 వారాలదాకా అసలు బయటకు తీసుకురాని పిల్లలు ఆ తర్వాత మనిషి కనిపిస్తేనే పారిపోయాయి. ఎంత బుజ్జగించినా దగ్గరికి రాలేదు.

కరిచే కుక్కల్లో చాలావాటిని నడిపించేది పొగరు కాదు, భయం. ఇరవై నాలుగు గంటలూ గొలుసుతో కట్టేసిన కుక్కకు పారిపోయే దారి కూడా ఉండదు. ఇక మిగిలేది పళ్లే.

తోబుట్టువుల దగ్గర నేర్చుకునే పాఠం ఇంకొకటి ఉంది. ఆటలో ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట ఆపేస్తుంది. పన్ను ఎంతవరకు దించాలో పిల్లకు అలా తెలుస్తుంది. కుక్కల సంతానోత్పత్తి, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనలు 8 వారాలు నిండని పిల్లలను అమ్మకూడదంటున్నాయి. ఊళ్లో అమ్మకమే లేదు కాబట్టి ఆ నిబంధన అక్కడిదాకా చేరదు. నెల పిల్లను తల్లి నుంచి విడదీస్తే నష్టమన్న విషయమైనా చేరాలి.

గుంపుగా శిక్షణ ఎందుకు?

1980లలో పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ కాలిఫోర్నియాలో చిన్న పిల్లల కోసం, గొలుసు లేకుండా, గుంపు తరగతులు మొదలుపెట్టాడు. అంతకుముందు ఆరు నెలలు దాటాక గొలుసు గుంజి నేర్పే పద్ధతే ఎక్కువ. తరగతిలో పిల్లలు ఒకదానితో ఒకటి ఆడతాయి, చేతులు మారతాయి, పిలిస్తే వస్తాయి. యజమాని కూడా నేర్చుకుంటాడు. నిజానికి తరగతి సగం ఆయన కోసమే.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను గడప దాటించొద్దని చాలామంది చెబుతారు. పార్వో భయం ఉత్తదేమీ కాదు. కానీ టీకాలు పూర్తయ్యేసరికి మచ్చిక కాలం దాటిపోతుంది. అందుకే అమెరికాలోని పశుప్రవర్తన వైద్యుల సంఘం 7, 8 వారాల వయసులోనే తరగతులు మొదలుపెట్టవచ్చంటోంది. కనీసం వారం ముందు మొదటి విడత టీకా, నులిపురుగుల మందు పడి ఉండాలి. టీకాలు లేని కుక్కలు తిరిగే చోటుకు మాత్రం తీసుకెళ్లకూడదు.

మన రాష్ట్రంలో కుక్కలకు జట్లుగా శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ లేకపోలేదు. మొయినాబాద్‌లోని ఐఐటీఏలో పోలీసు జాగిలాలు తమ హ్యాండ్లర్లతో కలిసి సుమారు 8 నెలలు తర్ఫీదు పొందుతాయి. అది బాంబులు, దొంగల కోసం. ఇళ్లలో పెరిగే కుక్కకు నగరంలో డబ్బు పెట్టి ప్రైవేటు ట్రైనర్‌ను పిలిపించుకోవాలి. ఉప్పునుంతల లాంటి మండల కేంద్రంలో ఆ దారి కూడా దొరకడం కష్టం.

మధ్యలో ఖాళీ

2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా స్థానిక సంస్థల పని. అంటే పట్టణంలో మున్సిపాలిటీ, ఊళ్లో పంచాయతీ. అయితే ఆరు నెలల లోపు పిల్లలను, పాలిచ్చే తల్లులను ఇందుకోసం పట్టుకోకూడదు. ఆ మినహాయింపు సబబే. ఫలితం మాత్రం ఆలోచించాల్సిందే. కుక్క స్వభావం స్థిరపడే కాలమంతా పంచాయతీ లెక్కలో ఉండదు. పశువైద్యుడికి గేదెలు, గొర్రెలతోనే పొద్దు సరిపోతుంది. ఆరోగ్య శాఖ పని కాటు పడ్డాకే మొదలవుతుంది.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్, టీకా అయిన వీధికుక్కలను పట్టిన చోటే వదలాలంది. రేబిస్ ఉన్నవాటికి, దూకుడుగా ఉన్నవాటికి ఇది వర్తించదు. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించి, తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. ఆపరేషన్ థియేటర్, కెన్నెళ్లు, పట్టే సిబ్బంది అన్నీ కావాల్సిన ఈ పని ఒక చిన్న పంచాయతీ వల్ల ఎలా అవుతుంది? కొన్ని చోట్ల దానికి దొరికిన సమాధానం భయంకరం. పాలమూరులోనే, మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 2024 ఫిబ్రవరిలో సుమారు 20 కుక్కలను కాల్చి చంపారు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల ఊళ్లలో కుక్కలను చంపించారన్న ఫిర్యాదులపై కేసులు నమోదయ్యాయి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఈ నేరానికి ఐదేళ్లదాకా శిక్ష పడొచ్చు. పైగా ఖాళీ అయిన వాడకు టీకా లేని కొత్త కుక్కలు చేరతాయి.

మచ్చిక అన్నిటికీ మందు అని చెప్పడం లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని బలిగొన్నలాంటి వీధికుక్కల గుంపులకు పిల్లల తరగతులు జవాబు కావు. అక్కడ చెత్త తీయాలి, ఆపరేషన్లు జరగాలి. ఇంటి కుక్కల మాట వేరు. ఏటా జూలై 6న జూనోసిస్ దినోత్సవం నాడు పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. అదే ఆవరణలో నెలకు రెండు సాయంత్రాలు కుక్కపిల్లలకు కేటాయిస్తే కొత్త భవనం అక్కర్లేదు. ఒక పశువైద్య సహాయకుడికి కొద్దిరోజుల శిక్షణ చాలు. జిల్లా పశుసంవర్ధక శాఖ స్థాయిలోనే ఆలోచించదగ్గ పని ఇది.

అప్పటిదాకా ఇంట్లో మీరేం చేయొచ్చు? ఊరి నుంచి పిల్లను తెచ్చుకునేవారు 8 వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచండి. తెచ్చాక రోజూ కొత్త మనుషులను చూపించండి, బలవంతం వద్దు. వెనక్కి జంకితే దూరం పెంచి, ముద్ద పెట్టి, మళ్లీ ప్రయత్నించండి. నేల మీద దింపలేని రోజుల్లో చంకనెత్తుకుని వీధి చూపించినా మేలే. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరినైనా కరిస్తే 291వ సెక్షన్ కింద ఆరు నెలలదాకా జైలు, 5,000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇంకో సంగతి పిల్లలున్న ఇళ్లవారికి. రేబిస్ మృతుల్లో దాదాపు 40 శాతం 15 ఏళ్ల లోపువారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆటలో చిన్న కుక్కపిల్ల పన్ను గీసుకుందని పిల్లలు ఇంట్లో చెప్పరు, పెద్దలూ పట్టించుకోరు. టీకా పడని పిల్ల కాటు కూడా కాటే. పసరు మందు, కారం, పసుపు పెట్టొద్దు. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు పడాలి. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఉందా అని మొదటి రోజే అడగండి. లేకపోతే ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో అక్కడే రాయించుకుని బయల్దేరండి.