మోకాలి నొప్పికి గేరు నిదానం

మోకాళ్ళ నొప్పులతో నా వద్దకు వచ్చే గృహస్థులలో, ఆరోగ్యం కోసమే గేర్ల సైకిలు కొన్నవారు కొందరుంటున్నారు. తైలము, పథ్యము చెప్పే ముందు వారిని సీటు ఎత్తు ఎంత, వెనుక పళ్ళచక్రానికి పళ్ళెన్ని అని అడుగుతాను. వైద్యునికి ఈ లెక్కలెందుకని నవ్వుతారు. నిదానం తెలియక చికిత్స ఎట్లా చేయగలం?

వ్యాయామం అర్ధశక్తి వరకే చేయాలన్నది శాస్త్రనియమం. నుదుట, చంకలలో చెమట పట్టి, నోరెండి, నోటితో శ్వాస తీయవలసి వస్తే ఆ హద్దు చేరినట్లే. విశాఖపట్నంలో వలె మిట్టపల్లాల వీధులున్న చోట, బరువు గేరుతో ఎక్కేవారు మొదటి మిట్టకే ఆ హద్దు దాటుతారు. పెడల్ మందంగా తిరిగే కొద్దీ జానుసంధిపై భారం హెచ్చుతుంది.

దుకాణంలో ‘21 గేర్లు’ అనగానే మురిసిపోకండి. ముందు చక్రపు పళ్ళను వెనుక చక్రపు పళ్ళతో భాగించి చూడండి. ముందు 28, 38, 48, వెనుక 14 నుండి 28 పళ్ళు గల 21 గేర్ల సైకిలులో ఈ నిష్పత్తి 1 నుండి 3.4 వరకు ఉంటుంది. ముందు 40 పళ్ళ చక్రం ఒక్కటే ఉండి, వెనుక 11 నుండి 42 పళ్ళు గల 10 గేర్ల సైకిలులో 0.95 నుండి 3.6 వరకు! సగం గేర్లతోనే ఎక్కువ వ్యాప్తి. ఆఫీసుకు, బజారుకు వెళ్ళేవారికి నేను రెండవదే మంచిదంటాను. ఒక మీట తగ్గడమూ లాభమే.

కొమ్ముల వలె వంగిన హ్యాండిలు గల సైకిళ్ళ యువకులకు మాత్రం తేలిక గేరంటే నామోషీ. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో 1937 వరకు గేరు మార్చే డీరైలరునే అనుమతించలేదు. ఆ బింకం ఇంకా వదలలేదు కాబోలు! ఈ సైకిళ్ళలో చాలావాటికి ముందు 50, 34 పళ్ళ జంట చక్రాలుంటాయి. వెనుక పెద్దచక్రం 28 పళ్ళదైతే తేలిక గేరు నిష్పత్తి 1.2, 34 పళ్ళదైతే సరిగ్గా 1. అనగా అదే మిట్టపై పెడల్‌కు ఇవ్వవలసిన బలం ఆరవ వంతుకు పైగా తగ్గుతుంది. గేరుకూ గేరుకూ నడుమ అంతరం కొంత పెరిగి, సమతలంపై కాలి లయ తప్పుతున్నట్లుంటుంది. పందెగాళ్ళకు అది లోటు కావచ్చును. ఉదయం పది కిలోమీటర్లు తిరిగి వచ్చే నలభై ఏళ్ళ ఉద్యోగికి కాదు.

ఉన్న సైకిలుకే పెద్దచక్రం వేయించదలిస్తే, డీరైలరు అన్ని పళ్ళకు సరిపోతుందా, చైను పొడవు చాలునా అని మెకానిక్‌తో ముందే చూపించుకోండి. చైను పొట్టిదైతే పెద్దచక్రాలపై బిగుసుకొని డీరైలరునే విరిచివేస్తుంది.