కుంకుమపువ్వుకు గింజలేవి?

పిల్లలూ! నేను బడిలో పాఠాలు చెప్పే రోజులలో ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, కుంకుమపువ్వు గింజలు తెప్పించి మన తోటలో చల్లుదామండీ!" అన్నాడు.

"దానికి గింజలుండవురా," అన్నాను.

"ఎందుకుండవండీ?" అన్నాడు.

పువ్వు పూసినచోట గింజ కాయాలి కదా! వాడి సందేహం సబబైనదే. దానికి జవాబు మీకు చెబుతాను, వినండి.

కాశ్మీరులో పాంపూరు చుట్టుపక్కల ఏటా అక్టోబరు, నవంబరు నెలలలో పొలాల నిండా ఊదారంగు పువ్వులు విచ్చుకుంటవి. ఒక్కొక్క పువ్వులో ఎర్రని పోగులు మూడు ఉంటవి. మనం పాలలో వేసుకునేది వాటినే. ఒక కిలో పోగులకు సుమారు లక్షన్నర పువ్వులు కావాలి. ఇన్ని పూసినా ఒక్క గింజ కాయదు!

ప్రతి జీవకణంలోనూ దారపు ముక్కల వంటి క్రోమోజోములు ఉంటవి. మొక్క లక్షణాలను తరతరాలకు అందించేవి అవే. సాధారణంగా ఒక్కొక్క రకానివి రెండేసి, జతగా ఉంటవి. గింజ కట్టాలంటే ముందు ఈ జతలు విడిపోయి చెరిసగం కావాలి.

కుంకుమపువ్వు మొక్కకు క్రోమోజోములు 24. పన్నెండు జతలనుకునేరు, కాదు! ఎనిమిది రకాలు, రకానికి మూడేసి. ముగ్గురు పిల్లలను జతగా నిలబడమంటే ఒకడు మిగిలిపోడూ? ఇక్కడా అంతే. పంపకం కుదరదు, గింజ కట్టదు.

1753లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త దీనికి 'క్రోకస్ సాటైవస్' అని పేరు పెట్టాడు. కాని దీని పుట్టిల్లు చాలాకాలం తేలలేదు. చుట్టాలైన మొక్కలన్నీ ఒకే పోలికగా ఉంటే, పువ్వును చూచి తల్లిని గుర్తించడమెలా? శాస్త్రజ్ఞులు క్రోమోజోములను లెక్కించారు, వాటి రూపాలను, వాటిలోని జన్యుపదార్థాన్ని పోల్చి చూచారు. చివరకు 2019లో తల్లి దొరికింది. అది గ్రీసు దేశపు అట్టికా సీమలో పెరిగే 'క్రోకస్ కార్ట్‌రైటియానస్' అనే అడవిమొక్క. దానికి 16 క్రోమోజోములు, రకానికి రెండేసి. కనుక దానికి గింజలు కాస్తవి.

మరి గింజలేని కుంకుమపువ్వు ఎలా బతుకుతున్నది? రైతు దుంపలు తవ్వి, పిల్లదుంపలు విడదీసి, మళ్ళీ నాటుతున్నాడు. వేల ఏళ్ళుగా మనిషి చేతి మీదనే అది బతుకుతున్నది. మనిషి మానుకుంటే అదీ ఉండదు. పైగా అన్నీ ఒకే పోలిక మొక్కలు కావడంచేత, ఒకదానికి పట్టిన తెగులు అన్నిటికీ పట్టవచ్చు.

ఇక మీకొక లెక్క. అరటిపండు కోసి చూడండి, గట్టి గింజ కనబడదు. మనం తినే చాలా అరటి రకాలకు క్రోమోజోములు 33, అవి 11 రకాలు. రకానికి ఎన్ని? గింజ ఎందుకు లేదు? జవాబు మీ చెల్లాయికి మీరే చెప్పండి!