జంట మాటల జాబితాలు ఆపండి

పాలకొల్లులో సాయంత్రాలు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. పిల్లల నోటుపుస్తకాల్లో నన్ను బాగా బాధపెట్టేవి, 'తేడా తెలుసుకోండి' అంటూ జంటలుగా రాయించిన మాటల జాబితాలు. బారో–లెండ్, అడ్వైస్–అడ్వైజ్, లూజ్–లూస్. అన్నీ ఒకే రోజు బట్టీ పట్టిస్తే, పరీక్ష నాటికి ఏది ఏదో తెలియక పిల్లలు తికమకపడుతున్నారు.

తప్పు పిల్లలది కాదు. దగ్గరి అర్థాలున్న కొత్త మాటలను ఒకేసారి నేర్పితే ఒకదానికొకటి అడ్డుపడతాయని న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 2000లోనే హెచ్చరించారు. ఒకటి కుదురుకున్నాకే రెండోది చెప్పాలి.

నేను ముందు 'బారో' ఒక్కటే చెబుతాను. దాళ్వా పెట్టుబడికి డబ్బు చాలక రైతు సొసైటీకి వెళ్లి అప్పు పుచ్చుకున్నాడు. రైతు చేసిన పని బారో. ఎవరి దగ్గర నుంచి అని చెప్పడానికి 'ఫ్రమ్' వస్తుంది. వారం పాటు అవే వాక్యాలు. ఆ తర్వాతే సొసైటీ వైపు నుంచి 'లెండ్', దాని వెంట 'టు'. అప్పు ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో ఏడో తరగతి పిల్లకు తెలుగులో బాగా తెలుసు. ఇంగ్లిష్ మాటను ఆ తెలివిడి మీదే నిలబెట్టాలి.

ప్రభుత్వ బడులకు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలుగు పేజీని దాటేయొద్దు. మాటలను విడివిడిగా, వాక్యంలో నేర్పే పద్ధతిని ఉపాధ్యాయ శిక్షణలో చేర్చాలి. రేపు బ్యాంకు కాగితం మీద 'బారోవర్' అన్నచోట ఎవరు సంతకం పెట్టాలో, పెడితే ఏ బాధ్యత నెత్తిన పడుతుందో ఆ పిల్లకు తెలిసి తీరాలి.